బండి నడిచి వెళ్లాలి

అంబాసిడర్ కారు వాటర్ పంపు అడుగున పెసరగింజ పట్టేంత బెజ్జం ఒకటుంటుంది. ఎక్కడో పగిలి పడింది కాదు, తయారుచేసినవాళ్లు కావాలనే పెట్టింది. పంపు లోపల ఒకవైపు నీళ్లు, రెండోవైపు గ్రీజు పెట్టిన బేరింగు. మధ్యలో ఒక సీలు. ఆ సీలు అరిగినప్పుడు నీళ్లు బేరింగులోకి పోయి దాన్ని తినేయకుండా ఈ బెజ్జంలోంచి బయటికి కారిపోతాయి. అంటే కారడమే దాని డ్యూటీ. మన భాషలో చెప్పాలంటే ప్రోగ్రామ్ క్రాష్ అయ్యేలోపు స్క్రీన్ మీద పడే వార్నింగ్ లాంటిది. ఆ వార్నింగ్‌లని మనం ఎంత శ్రద్ధగా చదువుతామో మీకు నేను చెప్పక్కర్లేదు. కోడ్ రన్ అయితే చాలు.

మా తాతయ్య వాళ్లింట్లో బండి కింద గచ్చు మీద ఆ వార్నింగ్ నాలుగు నెలలుగా పడుతూనే ఉంది. మొదట రూపాయి బిళ్లంత మరక. ఆ తర్వాత అప్పడమంత. నేను సెలవులకి వెళ్లేసరికి అమ్మమ్మ దాని కింద పాత స్టీలు బేసిన్ పెట్టింది. అందులో నీళ్లు టీ డికాషన్ రంగులో ఉన్నాయి.

తాతయ్య అంటే అమ్మ వాళ్ల నాన్న. ఊరు తెనాలి. ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైర్ అయ్యాడు. బండి 1986 మోడల్, మార్క్ 4, పెట్రోలుది. 1995లో ఇంజిన్ పట్టేసి ఎవరి రైసు మిల్లులోనో మూల పడి ఉంటే, ఇనుము రేటు కంటే కాస్త ఎక్కువ ఇచ్చి తోలుకొచ్చాడు. తోలుకొచ్చాడు అంటే నిజంగానే, రెండు తాళ్లు కట్టి ట్రాక్టరుతో లాక్కొచ్చాడట. రోజూ డ్యూటీ దిగొచ్చి, స్నానం చేయకముందే దాని కింద దూరేవాడట. ఏడు నెలలు. మా అమ్మ పెళ్లికి ఊరేగింపు అందులోనే. నన్ను గుంటూరు హాస్పిటల్ నుంచి ఇంటికి తీసుకొచ్చింది కూడా అందులోనే. ఇవన్నీ నేను విన్నవి. నాకు తెలిసింది మాత్రం వెనక సీటు. ఆ సీట్లో మేం పిల్లలం ఐదుగురం కూర్చునే వాళ్లం, ఎవరికీ ఎవరి మోచెయ్యీ తగిలేది కాదు.

మూడేళ్లుగా తాతయ్యకి చేతులు వణుకుతున్నాయి. పార్కిన్సన్స్. అమ్మమ్మ టీ గ్లాసు సగమే నింపి ఇస్తుంది. ఆయన చూసీచూడనట్టు తీసుకుంటాడు.

నేను వెళ్లేసరికి బండి అమ్మేశారు. అంటే మాట అయిపోయింది, బండి ఇంకా ఇంట్లోనే ఉంది. హైదరాబాద్‌లో ఉండే మావయ్య కుదిర్చాడు. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, ఆ గడువు దగ్గర పడింది. నడిపేవాళ్లు లేరు. పైగా నీళ్లు కారుతోంది. మావయ్య చెప్పినవన్నీ నిజమే, అందులో తప్పు పట్టడానికేం లేదు. కొనుక్కున్నది దుగ్గిరాల రోడ్డులో ఫంక్షన్ హాలు కట్టిన ఒకాయన. హాలు ముందు గడ్డిలో బండిని నిలబెట్టి, పూలు కట్టి ఉంచుతారు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ దానికి ఆనుకుని ఫొటోలు దిగుతారు. అరవై ఐదు వేలు.

బండి చూసుకోడానికి వచ్చిన రోజున తాతయ్య బోనెట్ ఎత్తబోతే ఆయన, "మీకెందుకండీ పెద్దాయనా శ్రమ. ఇంజిన్ ఎటూ తీయించేస్తాం. లైట్లు వెలిగితే చాలు" అన్నాడట. మర్యాదగానే అన్నాడు. తాతయ్య బోనెట్ దించేసి లోపలికొచ్చేశాడు. ఆ రాత్రి అన్నం తింటూ, "పంపు మార్చాలి" అన్నాడు.

అమ్మమ్మ నాకు ఇదంతా చెప్తూ చెప్తూ, "అమ్మేసిన గేదెకి కుడితి పెడతానంటాడేంటే మీ తాత?" అంది.

మావయ్య ఫోన్లో ఇంకా స్పష్టంగా అడిగాడు. "నాన్నా, వాళ్లు ఇంజిన్ తీసేస్తారు. మరి పంపు ఎవరి కోసం?"

"తీసుకుంటే వాళ్లిష్టం. నా ఇంట్లోంచి మాత్రం బండి నడిచి వెళ్లాలి. లారీ మీద వేసి పంపను." కాసేపు ఆగి, "డిపోలో కంప్లైంట్ ఉన్న బండిని తరవాత షిఫ్టు వాడికి అంటగట్టి ఏనాడూ ఇంటికి రాలేదురా" అన్నాడు. ఫోను నాకిచ్చేసి, "అమ్మలూ, నీకు సెలవులెన్నాళ్లు?" అని అడిగాడు.

బండి అప్పగించాల్సింది ఆదివారం. ఆ రోజు సోమవారం.

ఒక్క మాట. నేను సీఎస్‌ఈ. మా డిపార్ట్‌మెంట్‌లో హార్డ్‌వేర్ అంటే ల్యాబ్‌లో ఊడిపోయే మౌస్ వైరు. చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ మీడియం. వాటర్ పంపు అనగానే నాకు గుర్తొచ్చింది మా అపార్ట్‌మెంట్ సంపులో మోటారు. ఇది అది కాదు. ఇది నీళ్లని ఎక్కడికీ ఎత్తదు, తిప్పుతుంది. ఇంజిన్ చుట్టూ ఉన్న దారుల్లోంచి వేడి నీళ్లు రేడియేటర్‌కి, చల్లారినవి మళ్లీ ఇంజిన్‌కి. పెట్రోలు తగలేసిన వేడిలో మూడో వంతు కంటే తక్కువే చక్రాలకి అందేది. ఇంకో మూడో వంతు పొగగొట్టంలో పోతుంది. మిగిలిందాంట్లో చాలా భాగాన్ని ఈ నీళ్లే మోసుకుపోవాలి. మోయకపోతే ఇంజిన్ తనని తానే కాల్చుకుంటుంది. అసలు పంపు లేకుండా కూడా కార్లు నడిచాయి. ఫోర్డ్ మోడల్ టీ కార్లలో మొదటి రెండున్నర వేల కార్లకి పంపు పెట్టి, తర్వాత తీసేశారు. వేడి నీళ్లు వాటంతటవే పైకి పోతాయి, చల్లటివి కిందకి దిగుతాయి, అది చాలనుకున్నారు. తాతయ్యకి ఈ సంగతి చెప్తే, "మన బెజవాడ ఎండలో నడిపి చూడమను" అన్నాడు.

నేర్చుకోవడానికి నేను యూట్యూబ్ తెరిచాను. అంబాసిడర్ పంపు గురించి పెద్దగా ఏమీ దొరకలేదు గానీ, ఒక సంగతి తెలిసింది. మన బండి ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3కి కొనసాగింపు. అందులో ఉన్న 1489 సీసీ ఇంజిన్ బీఎంసీ వాళ్ల బీ సిరీస్. అదే 1489 సీసీ ఇంజిన్ ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో కూడా ఉంది. దాని తమ్ముడు, పెద్ద ఇంజిన్‌ది, ఎంజీబీ. అంటే మన ఊళ్లలో ఎమ్మార్వోలు, డాక్టర్లు, పెళ్లివారు తిరిగిన బండీ, అక్కడ టాపు లేకుండా సోకుగా తిరిగిన బండీ ఒక ఇంటి పిల్లలే. ఎంజీబీకి పంపు మార్చే వీడియోలు బోలెడు. ఎవరో ఒక తెల్లజుట్టు పెద్దాయన, వాన, షెడ్డు, పక్కన ఓ కుక్క. అలాంటివి మూడు చూపించాను తాతయ్యకి. ఇంగ్లిష్ ఆయనకి అర్థం కాదు, సౌండు తీసేయమన్నాడు. చేతులు మాత్రం చూశాడు. "వీడికి పని తెలుసు" అని ఒకడికి, "వీడు బోల్టు విరగ్గొడతాడు చూడు" అని ఇంకొకడికి సర్టిఫికెట్లు ఇచ్చాడు. రెండోవాడు నిజంగానే విరగ్గొట్టాడు.

మంగళవారం పొద్దున్నే మొదలుపెట్టాం. తాతయ్య బండి ముందు ప్లాస్టిక్ కుర్చీలో. నేను బంపరు మీద మోకాలు ఆనించి. నాన్న సాయంత్రం వస్తానన్నాడు, బరువులెత్తడానికి.

"ముందు బ్యాటరీ తీగ పీకు. తరవాత నీళ్లు వదులు."

రేడియేటర్ అడుగున ఉండే కుళాయి తుప్పు పట్టి తిరగలేదు. కింది హోస్ పైపు క్లిప్పు వదులు చేస్తే నీళ్లన్నీ ఒక్కసారి బేసిన్‌లోకి దూకాయి, సగం నా చున్నీ మీదకి. ఎర్రటి నీళ్లు, అడుగున ఇటుకపొడిలా తుప్పు. తాతయ్య అందులో వేలు ముంచి రుద్ది చూసుకుని ముఖం చిట్లించాడు. ఆయన చేయి బాగున్నన్నాళ్లూ ఇందులో వాననీళ్లు పట్టి పోసేవాడట. తర్వాత్తర్వాత ఎవరు పోసినా బోరు నీళ్లే. మా వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, బకెట్టుకి కూడా తెల్లటి చార పడుతుంది. ఇంజిన్ లోపల వేడికి ఆ ఉప్పూ సున్నమూ గోడలకి పట్టుకుంటాయి, ఇనుముని తింటాయి, సీలుని గీకుతాయి. పంపు చావడానికి వయసు ఒక్కటే కారణం కాదు.

హోసులు ఊడదీశాం. ఇక పానాల దగ్గర మొదలైంది అసలు కథ.

నా దగ్గర ఆన్‌లైన్లో తెప్పించుకున్న టూల్ కిట్ ఉంది, సైకిల్ కోసం కొన్నది. అందులో 13 నంబరు పానా తీసి బోల్టుకి పెట్టాను. పట్టినట్టే ఉంది. తాతయ్య అరిచాడు. ఆయన అరవడం నేను చాలా రోజుల తర్వాత వినడం. "దాంతో తిప్పావంటే మూలలు గుండ్రంగా అయిపోతాయి. ఆ తరవాత దేవుడు కూడా ఊడదీయలేడు. నా పెట్టె తీసుకురా."

ఆ పెట్టెలో ఉన్నవన్నీ అంగుళాల పానాలు. ఈ బండి ఇంగ్లండు కొలతల్లో పుట్టింది కదా. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 పానా పెడితే 0.3 మిల్లీమీటర్ల సందు. ఆ సందే బోల్టు తలకాయని కొరికేస్తుంది.

"అర కాదు, దానికి వీసం తక్కువది ఇవ్వు" అన్నాడు తాతయ్య, ఫ్యాన్ బోల్టుల దగ్గరికొచ్చేసరికి.

నాకర్థం కాలేదు. వీసం?

"వీసమే. పదహారోవంతు. మీకు బళ్లో చెప్పలేదూ?"

చెప్పలేదు. నాకు వీసమెత్తు అనే మాట తెలుసు. వీసమెత్తు అనుమానం లేదు, వీసమెత్తు జాలి లేదు, ఇలా కథల్లో చదివాను. వీసం అంటే ఏదో చిన్నది అనుకున్నాను గానీ అది ఒక కచ్చితమైన అంకె అని నాకు పంతొమ్మిదేళ్లొచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. అరకి వీసం తక్కువ అంటే ఎనిమిది వీసాల్లోంచి ఒకటి తీసేస్తే ఏడు. పానా మీద చూస్తే 7/16 అని చెక్కి ఉంది! తొమ్మిది వీసాలది కావాలంటే "అరకి వీసం ఎక్కువది" అంటాడు. డిపోలో పాతకాలం మేస్త్రీలు అలాగే అడిగేవారట.

ఇక్కడ నేను పానా పక్కన పెట్టి కాసేపు ఆలోచనలో పడ్డాను. అర, పావు, దాంట్లో సగం, దాంట్లో సగం వీసం. మొత్తం రెండుతో భాగించుకుంటూ పోవడమే. అంటే బైనరీ. కంప్యూటర్‌కి 0.1 ఇస్తే దాన్ని సరిగ్గా దాచుకోలేదు, ఎక్కడో చివర తేడా వస్తుంది, మొదటి సంవత్సరం ల్యాబ్‌లో మనందరం దానితో తన్నుకులాడిన వాళ్లమే. వీసం ఇస్తే మాత్రం ఒక్క బిట్‌లో పొల్లుపోకుండా దాచుకుంటుంది. 7/16 బైనరీలో 0.0111. మా ముత్తాతలు ధాన్యం కొలిచిన లెక్కా, ఇంగ్లండువాడి పానా లెక్కా, నా ల్యాప్‌టాప్ లెక్కా ఒకటే అన్నమాట. ఈ ముగ్గురికీ కుదరనిది మధ్యలో వచ్చిన దశాంశాలే. తాతయ్యకి చెప్తే, "అయితే ఇవ్వు మరి, ఎండ ఎక్కుతోంది" అన్నాడు.

సాయంత్రం నాన్నా నేనూ కలిసి రేడియేటర్ ఎత్తి గోడకి ఆనించాం. రాగీ ఇత్తడీ కలిసిన పాతకాలపు రేడియేటర్, ఇప్పటి కార్లలో ఉండే అల్యూమినియంది కాదు, నడుము పట్టేసే బరువు. డైనమో వదులు చేసి బెల్టు తీశాం. ఫ్యాను, దాని వెనక పుల్లీ. ఫ్యాను రెక్కలు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే పంపు షాఫ్టుతో సహా కదిలింది, ఊడబోయే పన్నులాగా. డైనమో ముందు వైపు పట్టు పంపు మీదే ఉంటుంది కాబట్టి దాన్ని కూడా దించాలి. ఆ తర్వాత మిగిలింది పంపుని ఇంజిన్‌కి పట్టి ఉంచిన నాలుగు బోల్టులు.

మూడు వచ్చాయి. నాలుగోది, డైనమో వైపు కిందది, రాలేదు.

నేను బలం పెట్టబోతుంటే తాతయ్య ఆపి, "ఆ పుస్తకం తే" అన్నాడు.

పుస్తకం అంటే బండి పుస్తకం. కిరాణా షాపుల్లో ఉండే పొడుగాటి ఖాతా పుస్తకం, ఎర్ర గుడ్డ అట్ట. 1995 నుంచి బండికి చేసిన ప్రతి పనీ తేదీతో సహా అందులో ఉంది. ఆయిల్ ఎప్పుడు మార్చింది, ఎన్ని కిలోమీటర్లకి, ఎంతైంది, ఎవరి దగ్గర కొన్నది. మనం గిట్‌లో కమిట్ మెసేజ్‌లు "ఫిక్స్", "ఫైనల్ ఫిక్స్", "ఈసారి నిజంగా ఫైనల్" అని పెడతాం చూడండి, ఇందులో అలాంటిది ఒక్కటి లేదు. చిక్కల్లా తాతయ్యది గొలుసుకట్టు రాత. అక్షరాలన్నీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ఉంటాయి. అచ్చు తెలుగు నేను బాగానే చదువుతా, ఈ క్లబ్‌లో చేరాక ఇంకా బాగా. ఇది మాత్రం ఇంకో భాషలా ఉంది. ఆయన కళ్లకి ఆ సన్న రాత ఆనదు, నాకు కూడబలుక్కోక తప్పదు. ఆ పుస్తకంతో మేమిద్దరం కలిస్తేనే ఒక మనిషి.

అరగంటకి దొరికింది. 1999 మే. "వాటరు పంపు మార్చితిని. డైనమో పక్క క్రింది బోల్టు మొరాయించినది. కిరసనాయిలు రాత్రంతా. ప్రొద్దున కొంచెము బిగించి పిమ్మట వదులు చేయగా వచ్చినది. బోల్టులు అన్నియు ఒకే పొడవు కావు, జాగ్రత్త."

ఎవరికి జాగ్రత్త? పుస్తకం ఆయన తప్ప ఎవరూ చూడరు. అడిగితే, "నాకే. మర్చిపోతానేమోనని" అన్నాడు.

కిరసనాయిలు ఇప్పుడు ఎక్కడా దొరకదు. డీజిల్‌లో గుడ్డ ముంచి బోల్టు తలకాయకి చుట్టి రాత్రంతా వదిలేశాం. ఊడిన మూడు బోల్టుల్నీ బిస్కెట్ అట్టపెట్టె మీద పంపు బొమ్మ గీసి, ఏ చోటుది ఆ చోట గుచ్చాను. పొద్దున్నే లేచి చూస్తే తాతయ్య నాకంటే ముందే కుర్చీలో ఉన్నాడు. బోల్టు తల మీద సుత్తితో రెండు మెత్తటి దెబ్బలు. "ఇప్పుడు బిగించు. వీసమంత. ఇప్పుడు వదులు చెయ్యి." కిర్రుమని ఒక శబ్దం వచ్చింది. బోల్టు విరిగే శబ్దమూ అలాగే మొదలవుతుందని వీడియోలో చూశాను కాబట్టి నా ఊపిరి ఆగింది. విరిగి సగం ఇంజిన్ దిమ్మలోనే ఉండిపోతే డ్రిల్లు పెట్టి తొలవాలి, ఆదివారానికి బండి నడవదు. ఇంకోసారి బిగించి, ఇంకోసారి వదిలి, అలా ముందుకీ వెనక్కీ పావుగంట. వచ్చింది! మర మొత్తం తుప్పు, కానీ వచ్చింది.

తాతయ్య ఏం అనలేదు. కుర్చీలోంచి లేచి వచ్చి ఆ బోల్టుని తన వణికే చేత్తోనే తీసుకుని అట్టపెట్టెలో నాలుగో చోట గుచ్చడానికి చూశాడు. బెజ్జం దొరకలేదు. నేను అట్టపెట్టెని ఇంకాస్త దగ్గరగా పట్టుకున్నాను. మూడోసారికి గుచ్చాడు.

పంపు చేతికొచ్చాక తిప్పి చూస్తే లోపల నీళ్లని తోసే రెక్కలు అంచుల వెంబడి ఎలుకలు కొరికినట్టున్నాయి.

గురువారం దాన్ని న్యూస్ పేపర్లో చుట్టుకుని రైలెక్కి విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. ఆటోనగర్ గురించే ఇంకో వ్యాసం రాయొచ్చు. వీధులకి వీధులు బండ్ల పేగులు బయట పెట్టి ఉంటాయి. మూడు షాపుల్లో "అంబాసిడరా?" అని నవ్వారు. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయింది, అప్పుడు నేను మూడో క్లాసు. 2017లో ఆ పేరునే హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు ఫ్రాన్స్‌లోని ప్యూజో కంపెనీకి ఎనభై కోట్లకి అమ్మేశారు. పేరుకి ఎనభై కోట్లు, పంపు మాత్రం ఎక్కడా లేదు. నాలుగో షాపాయన అటక మీద నుంచి రెండు దించాడు. ఒకటి కొత్తది, తళతళ మెరుస్తోంది, పదకొండు వందలు. రెండోది మైనపు కాగితంలో చుట్టిన పాత స్టాకు, దుమ్ము, పద్దెనిమిది వందలు.

"ఎవరమ్మా మెకానిక్కు?" అని అడిగాడు షాపాయన.

"మా తాతయ్యండీ" అని వీడియో కాల్ చేశాను.

తాతయ్య చెప్పిన పరీక్షలు మూడు. చేత్తో తిప్పితే మెత్తగా కాస్త బిగువుగా తిరగాలి, ఇసుక నలిగినట్టు ఉండకూడదు. షాఫ్టు పక్కకి ఊగకూడదు. మూడోది ముఖ్యం: పాత పంపునీ కొత్త పంపునీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, పుల్లీ కూర్చునే ముఖం రెండింటికీ ఒకే ఎత్తులో ఉందో లేదో కొలవాలి. మెరిసేదానికి నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువుంది. "అంత తేడా ఏం చేస్తుందమ్మా, అందరూ వేసుకుంటున్నారు" అన్నాడు షాపాయన. ఫోన్లోంచి తాతయ్య, "బెల్టు వంకరగా నడుస్తుందయ్యా. నెల తిరక్కుండా అంచులు చీలిపోతుంది" అన్నాడు. నెల తర్వాత ఆ ఇంజిన్ ఎక్కడుంటుందో నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. పద్దెనిమిది వందలదే తీసుకున్నాను. గ్యాస్కెట్ ఊరికే ఇచ్చాడు షాపాయన, పెద్దాయనకి నమస్కారం చెప్పమని.

శుక్రవారమంతా గీకడమే. పాత గ్యాస్కెట్ ఇంజిన్ ముఖానికి అట్టు మాడిపోయినట్టు అంటుకుని ఉంది. నీటిదారిలో గుడ్డ కుక్కి, బ్లేడుతో గంటన్నర. అద్దంలా అయ్యిందనుకున్నాను. తాతయ్య గోటితో రాసి, "ఇక్కడ ఉంది. ఇక్కడా ఉంది" అన్నాడు. కళ్లకి ఆనని మనిషికి గోటికి ఎలా ఆనిందో! మరో అరగంట. అమ్మమ్మ మధ్యలో వచ్చి నా చేతులు చూసి, పెళ్లిచూపులకి ఈ గోళ్లతో కూర్చోబెడతానని బెదిరించి, మజ్జిగ ఇచ్చి వెళ్లింది.

బిగించడం మాత్రం సులువు. గ్యాస్కెట్‌కి రెండువైపులా పల్చగా గ్రీజు. నాలుగు బోల్టులూ ముందు వేళ్లతోనే, అట్టపెట్టె చూసుకుంటూ ఏ చోటుది ఆ చోట. తర్వాత ఎదురెదురు మూలలు కొంచెం కొంచెం. "మణికట్టుతో బిగించు, భుజంతో కాదు" అన్నాడు తాతయ్య. ఫ్యాను, డైనమో, బెల్టు. బెల్టుని బొటనవేలితో నొక్కితే అర అంగుళం లోపలికి పోవాలి, అంతకంటే బిగువైతే కొత్త బేరింగు మీద బరువు, వదులైతే జారుతుంది. శనివారం పొద్దున రేడియేటర్ ఎక్కించాం. డాబా మీద ఆరో ప్లాంటు నీళ్లు రెండు క్యాన్లు, అందులో ఆకుపచ్చ కూలెంట్ కలిపాం. వాననీళ్లకి మే నెలలో ఎక్కడికి పోతాం?

మూత తీసే ఉంచి స్టార్ట్ చేయమన్నాడు. నాన్న తాళం తిప్పాడు. ఆరుసార్లు మూలిగింది, ఏడోసారి అందుకుంది. నీళ్లలో బుడగలు. పై హోసు చాలాసేపు చల్లగానే ఉంది. లోపల థర్మోస్టాట్ అని చిన్న తలుపు ఉంటుంది, నీళ్లు 80 డిగ్రీల చుట్టుపక్కలకి వచ్చేదాకా తెరుచుకోదు. తాతయ్య ఆ హోసు మీద చెయ్యి వేసి ఉంచాడు. పది నిమిషాలకి చెయ్యి తీసేశాడు. అదే క్షణం రేడియేటర్‌లో నీటిమట్టం గబుక్కున దిగింది, లోపల ఇరుక్కున్న గాలి పోయి. ఇంకో లీటరు పోసి మూత పెట్టాం. నేను కింద పడుకుని టార్చి వేసి ఆ పెసరగింజ బెజ్జాన్ని చూస్తూ ఉన్నాను. ఇరవై నిమిషాలు. పొడిగా ఉంది.

ఆదివారం పదింటికి హాలాయన లారీ, ఇద్దరు కుర్రాళ్లు, ఇనుప చట్రాలు వేసుకుని వచ్చాడు. బండి గేటు ముందు స్టార్ట్ చేసి ఉంది. "నడుస్తోందే!" అన్నాడు ఆశ్చర్యంగా. తన డ్రైవర్ని ఎక్కమన్నాడు. ఆ అబ్బాయి కూర్చుని గేరు కోసం ఎడమ చెయ్యి కిందకి చాపి వెతుక్కున్నాడు. మార్క్ 4లో గేరు కింద ఉండదు, స్టీరింగ్ పక్కన ఉంటుంది. వెతికి వెతికి దిగిపోయాడు పాపం. చివరికి నాన్న నడిపాడు. పక్కన తాతయ్య, వెనక నేను ఒక్కదాన్నే, అంత సీట్లో. వెనక ఖాళీ లారీ. కాలవ పక్కగా పోతుంటే తాతయ్య ఒకసారి అద్దం దించి బయటికి చెయ్యి పెట్టాడు, గాలికి వణుకు తెలియలేదు.

హాలు దగ్గర గడ్డిలో సిమెంటు దిమ్మ కట్టి ఉంచారు. దాని మీదకి ఎక్కించి ఆపాడు నాన్న. తాతయ్య డబ్బులు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని, పుస్తకం హాలాయన చేతికిచ్చాడు. ఆయన రెండు పేజీలు తిప్పి, "ఇది మాకెందుకండీ, మీ దగ్గరే ఉంచుకోండి" అని వెనక్కిచ్చాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది, ఇప్పుడు ఆయనకి థ్యాంక్స్ చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే ఇది రాస్తుంటే పుస్తకం నా హాస్టల్ టేబుల్ మీద ఉంది.

చివరి పేజీలో రాత నాది. ఆ రాత్రే తాతయ్య చెప్తుంటే రాశాను. తేదీ వేసి "వాటరు పంపు మార్చితిని" అని నేనే మొదలుపెట్టాను, పాత పేజీల్లో ఉన్నట్టే ఉండాలని. ఆయన వినిపించమని, విని, కొట్టేయమన్నాడు.

"మార్చితిమి అని రాయి."

హాలు నుంచి ఇంటికి షేర్ ఆటోలో వచ్చాం, ముగ్గురం ఇరుక్కుని. నేనూ నాన్నా ఏం మాట్లాడాలో తెలియక రోడ్డు చూస్తున్నాం. తాతయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. సగం దారిలో ముందుకి వంగి డ్రైవర్ భుజం తట్టి, "అబ్బాయ్, నీ ఇంజిన్ కింద ఎడమ పక్క మౌంటింగ్ రబ్బరు పోయినట్టుంది. చూపించుకో" అన్నాడు.